రెండో తుమ్ము

ఆ రోజుల్లో జలుబును ఎవరూ జబ్బుల్లో జమకట్టేవారు కాదు. ముక్కు కారితే పంచె కొసతో తుడుచుకునేవాళ్ళం, దగ్గు వస్తే మొహమాటం లేకుండా దగ్గేవాళ్ళం, మరీ ముదిరితే అమ్మ మిరియాలు నూరి వేడినీళ్ళలో కలిపి, రెక్క పట్టుకుని కూర్చోబెట్టి గొంతులో పోసేది. ఆ మంటకు జలుబు పోయేదో, జలుబును మించిన బాధ వచ్చిపడి దాన్ని మరిచిపోయేవాళ్ళమో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు మా ఇంట్లో ఒక్క తుమ్ము వినబడితే చాలు, కోడలు కిటికీలన్నీ బార్లా తెరిపించి, పిల్లల పక్కలు వేరు చేయించి, తుమ్మింది నేనైతే నన్ను వసారాలోకి పంపించేస్తుంది. ఆ పిల్ల చేసేది సరైన పనే. (పైగా తుమ్ముల విషయంలో నోరెత్తే అర్హత నాకు బొత్తిగా లేదు. ఎందుకు లేదో చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.)

యుద్ధం ముగిసిన కొత్తల్లో నేను తిరుపతిలో ఇంటర్మీడియట్ రెండో ఏడు చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ణి. మా పల్లె చంద్రగిరికి అవతల. నాయనకు ఒక చెరకు తోట, ఒక గానుగ, ఒక కొడుకు. ఆ మూడింటిలోనూ ఎందుకూ పనికిరానిది కొడుకేనని ఆయన అభిప్రాయం. చలికాలం వచ్చిందంటే మా వైపు బెల్లం వండే కాలం. గానుగ ఆగకూడదు, పొయ్యి ఆరకూడదు, పాకం దగ్గర ఒక్క మనిషి తక్కువైనా పెనం మొత్తం మాడిపోతుంది. అలాంటి కాలంలో నన్ను కాలేజీకి పంపడానికి ఆయన ఒప్పుకున్నది మా అమ్మ మూడు రోజులు అన్నం ముట్టకుండా కూర్చున్న తర్వాతే, అదీ ఒక షరతు మీద. బండి ఎక్కేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు: “పరీక్ష రాసుకుని రా, నిన్నెవురూ ఏమీ అనరు. అంతేగాని కాలేజీ మూసినారనో కడుపు నొచ్చినాదనో గానుగ కాలం నడమ ఇంటికి వచ్చినావంటే, ఇంక తిరిగి పొయ్యేది లేదు. ఈడ మనిషి లేక నేను సస్తా ఉండాను.” నాయన అన్నాడంటే అన్నట్టే. మా చిన్నాయన కొడుకు ఒకడు అలాగే పది రోజులకని చదువు మధ్యలో ఇంటికి వచ్చినవాడు, ఆ ఊళ్ళోనే బెల్లం వండుతూ వండుతూ మనవళ్ళను ఎత్తాడు. (సుఖంగానే ఉన్నాడు, నాకంటే లావుగా కూడా ఉన్నాడు. అది వేరే సంగతి.)

ఆ జనవరిలో ఊళ్ళో పడిశపు జ్వరం దిగింది. మామూలు పడిశం కాదు. ముందు తుమ్ములు, మర్నాటికి దగ్గు, ఆ మర్నాడు ఒళ్ళు కాలిపోయే జ్వరం, వారం పది రోజులు మంచం దిగనివ్వదు. హాస్టల్లో ఒకేసారి ఇద్దరు పడిపోయేసరికి ప్రిన్సిపాలుగారు కంగారుపడి డాక్టరుగారికి కబురు పెట్టారు. మా ప్రిన్సిపాలుగారు తంజావూరు వైపు మనిషి. తెలుగు బాగానే మాట్లాడేవారు కానీ ఆయనకు తెలుగులో కోపం వచ్చేది కాదు, అందుకని కోపం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషులోకి వెళ్ళి రావలసి వచ్చేది. డాక్టరుగారు సైకిలు మీద వచ్చి, మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఈ జబ్బు నోట్లోంచి, ముక్కులోంచి వచ్చే తుంపర్ల వల్ల ఒకరి నుంచి ఒకరికి పోతుందని, దగ్గినా తుమ్మినా గుడ్డ అడ్డం పెట్టుకోవాలని, కిటికీలు తెరిచి ఉంచాలని, మంచాలు దూరం జరిపి ఒకడి తల దగ్గర ఇంకొకడి కాళ్ళు వచ్చేట్టు పడుకోవాలని, అందరూ ఒకేచోట గుంపుగా చేరవద్దని చెప్పారు. (ఈ ఆఖరి మాట చెప్పేటప్పుడు మేమందరం గుంపుగా ఒకేచోట చేరి వింటున్నాం.) జ్వరం వచ్చినవాళ్ళను వెనకవైపు విడిగా ఉన్న గదిలో పెట్టమన్నారు. ఆ గదిలో ఆరు మంచాలు పడతాయి. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాక ప్రిన్సిపాలుగారు లేచి, ఏడోవాడికి జ్వరం వస్తే పెట్టడానికి చోటు లేదు కాబట్టి ఇంక హాస్టలు మూసి అందరినీ ఇళ్ళకు పంపించేస్తానని ప్రకటించారు. మిగతా కుర్రాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. నాకు మాత్రం గానుగ కళ్ళముందు గిర్రున తిరిగింది.

వెంటనే ఆరోగ్య సంఘం అని ఒకటి పెట్టారు. దానికి సెక్రటరీ నేను. నా ప్రజ్ఞ చూసి ఇచ్చిన పదవి కాదు. మీటింగుకు ఆలస్యంగా వెళ్ళినందువల్ల ముందు బెంచీలో తప్ప ఖాళీ లేదు, ప్రిన్సిపాలుగారి వేలు ముందు బెంచీ దాటి పోలేదు, అంతే. కానీ పదవి మీద పడ్డాక నన్ను పట్టేవాడు లేకపోయాడు. ఏడో జ్వరం రాకుండా ఆపితే నా చదువు నిలుస్తుంది, రానిస్తే జన్మంతా పాకం కలియబెట్టుకోవాలి. అంత ప్రాణం మీదికి తెచ్చుకున్న సెక్రటరీ ప్రపంచంలో ఏ సంఘానికీ ఉండి ఉండడు. మొదట చేతిరుమాళ్ళ పని పెట్టుకున్నాను. అవి గుడ్డ కంట్రోలు రోజులు, పంచెలే దొరకడం గగనం, ఇంక రుమాళ్ళు ఎవడిస్తాడు? అందుకని ఎవడి పంచె కొస వాడే చించుకోవాలని శాసనం చేశాను. ఒకటి తడిస్తే ఇంకొకటి. వారం తిరిగేసరికి హాస్టల్లో పంచెలన్నీ మోకాళ్ళ మీదికి వచ్చాయి, కొందరివి ఇంకా పైకి పోయాయి.

తర్వాత మంచాలు. మా గదులు పొడుగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉండేవి. ఒకడి తల దగ్గర ఇంకొకడి కాళ్ళు రావాలంటే సగంమంది ఉత్తరానికి తల పెట్టుకుని పడుకోవాలి. ఉత్తరానికి తల అశుభం, బతికున్నవాణ్ణి అలా ఎట్లా పడుకోబెడతావని ఒక్కడంటే ఒక్కడు ఒప్పుకోలేదు. సరేనని మంచాలన్నీ తూర్పు పడమరలకు తిప్పించాను. ఇది మాత్రం శాస్త్రానికీ డాక్టరుగారికీ ఇద్దరికీ నచ్చే ఏర్పాటు. కాకపోతే వెడల్పు చాలక తలుపుకు అడ్డంగా ఒక మంచం పడింది, తలుపు తెరుచుకోవడం మానేసింది. ఆనాటి నుంచి మేమందరం కిటికీలోంచి దూకి గదుల్లోకి వెళ్ళేవాళ్ళం. మా గదిలో ఉండే రేణిగుంటోడు (వాళ్ళ నాయన రేణిగుంట జంక్షన్లో గార్డు, అందుకని వాడికి ఆ పేరు) నన్ను చూసి, డాక్టరు కిటికీలు తెరవమన్నాడేగాని వాకిలి మూసెయ్యమని చెప్పలేదే అప్పా అని గొణిగేవాడు. నేను సెక్రటరీని, అలాంటి విమర్శలు పట్టించుకునేవాణ్ణి కాదు.

అన్నింటికంటే నేను గర్వపడిన పని పొద్దుటి తనిఖీ. కాలేజీ మొత్తానికి థర్మామీటరు ఒక్కటే. అది విరిగిపోతుందనే భయంతో ప్రిన్సిపాలుగారు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. అందుకని నా అరచెయ్యే థర్మామీటరు. రోజూ పొద్దున్నే మొదటి గది నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కడి నుదుటి మీద చెయ్యి వేసి, నోరు తెరవమని గొంతులోకి తొంగిచూసి, కళ్ళ కింద రెప్పలు లాగి, “ఊఁ, పరవాలేదు” అని గంభీరంగా తల పంకించి పక్కవాడి దగ్గరికి పోయేవాణ్ణి. ఒక్క నుదురు కూడా వదిలేవాణ్ణి కాదు. అంత శ్రద్ధగా చేస్తున్నా రోజుకొకడు చొప్పున పడిపోతూనే ఉన్నాడు. మూడు మంచాలు నిండాయి, నాలుగోది నిండింది. ఇంకా శ్రద్ధగా ముట్టుకుని చూడటం మొదలుపెట్టాను.

ఇక మా వార్డెన్‌గారి సంగతి చెప్పాలి. కాలేజీలో లెక్కల మాస్టారు ఆయనే, మేమందరం అయ్యవారు అనే పిలిచేవాళ్ళం. బల్ల మీద వేలితో రాసి ఎంత చిక్కు లెక్కనైనా విప్పేవారు. అలాంటి మనిషికి తుమ్మంటే దేవుడి మాటతో సమానం. ఏ పనైనా మొదలుపెట్టేటప్పుడు ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే ఆగిపోయేవారు. చిన్న పనైతే కూర్చుని, చెంబులో నీళ్ళు రెండు గుక్కలు తాగి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. పెద్ద పనైతే ఆనాటికి ఆ పని లేనట్టే. అయితే తుమ్మినవాడే వెంటనే రెండోసారి కూడా తుమ్మితే దోషం పోయి శుభమవుతుంది, పని సాగించవచ్చు. ఆయన కూతురికి సంబంధం చూడటానికి చిత్తూరు బయలుదేరి, రైలు పెట్టెలో కాలు పెట్టబోతుండగా ఎవరో పోర్టరు ఒక్క తుమ్ము తుమ్మితే, రెండోది తుమ్మమని అతణ్ణి బతిమాలి, అది రాకపోయేసరికి ఇంటికి తిరిగి వచ్చేశారని, ఆ సంబంధం అలాగే తప్పిపోయిందని చెప్పుకునేవారు. పడిశం పట్టినవాడి తుమ్ముకు దోషం లేదని శాస్త్రంలోనే ఉంది కదా అని మేము ఒకసారి వాదించాం. ఆయన లెక్కల మనిషి కదా, క్షణం ఆలోచించి తేల్చేశారు: పడిశం పట్టినవాళ్ళందరూ వెనక గదిలో ఉన్నారు, కాబట్టి గది బయట ఉన్నవాడు ఎవడైనా సరే ఆరోగ్యవంతుడే, కాబట్టి వాడి తుమ్ము చెల్లుతుంది. ఆ లెక్కలో తప్పెక్కడుందో మాలో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆయన రోజూ పొద్దున హాల్లో హాజరు పిలిచేవారు. చలిగాలి కొడుతుందని తలుపులన్నీ మూసి, అందరం భుజాలు రాసుకుంటూ నిలబడేవాళ్ళం. పడిశం కాలంలో హాజరు అంటే మాటలా? పన్నెండో నంబరు దాకా వచ్చేసరికి ఎవడో తుమ్ముతాడు. అయ్యవారు కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ ఒకటో నంబరు. ఈసారి ఇరవై దాటుతుంది, మూలనుంచి ఇంకో తుమ్ము. హాజరు పది నిమిషాల్లో అయ్యేది గంటసేపు సాగేది, ఆ గంటా ఒకరి ఊపిరి ఒకరం పీలుస్తూ నిలబడేవాళ్ళం. సెక్రటరీ హోదాలో నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. మా వంటాయన దగ్గర ముక్కుపొడి డబ్బీ ఉండేది. దాన్ని అడిగి పుచ్చుకుని, ఒక్క తుమ్ము తుమ్మినవాడి దగ్గరికి పరుగెత్తి చిటికెడు పొడి వాడి ముక్కు కింద పెడితే రెండో తుమ్ము వచ్చేస్తుంది, హాజరు ఆగదు. మొదటిసారి అద్భుతంగా పని చేసింది. రెండోసారి పరుగెత్తిన ఊపుకు పొడి గాల్లోకి లేచింది. చుట్టుపక్కల ఉన్న అయిదుగురు తలా ఒక తుమ్ము తుమ్మారు. మొత్తం సరిసంఖ్యే కదండీ, ముందువాడితో కలిపితే ఆరు అని నేను అయ్యవారికి మనవి చేసుకున్నాను. వేరువేరు మనుషుల తుమ్ములు కూడికకు పనికిరావని ఆయన కొట్టిపారేశారు. ఆ అయిదుగురికీ విడివిడిగా పొడి పెట్టాను. ఇలా తుమ్ములు ఆపడానికి పెట్టిన సంఘం ఇంటింటికీ తుమ్ములు పంచే సంఘమైంది, డబ్బీ ఖాళీ అయ్యేసరికి వంటాయన నాతో మాట్లాడటం మానేశాడు.

ఆరో మంచం సోమవారం నిండింది. డాక్టరుగారు వచ్చి చూసి, ఇంకో రెండు రోజుల్లో తగ్గుముఖం పడుతుందని ధైర్యం చెప్పి, సర్కారు పని మీద చిత్తూరు వెళ్ళారు, గురువారం మధ్యాహ్నానికి తిరిగి వస్తానన్నారు. బుధవారం పొద్దున నా తనిఖీలో ఏడోవాడి నుదురు చురుక్కుమంది. నా అరచెయ్యి మీద నాకే కోపం వచ్చింది. దాచడానికి వీల్లేదు, వాడు అప్పటికే వణుకుతున్నాడు. ప్రిన్సిపాలుగారు ఆ రోజే యూనివర్సిటీ మీటింగుకు మద్రాసు పోతున్నారు. ఇంగ్లీషులో రెండు నిమిషాలు కోప్పడి, హాస్టలు మూసేస్తున్నామని, గురువారం మధ్యాహ్నం లోపల అందరూ ఇళ్ళకు వెళ్ళిపోవాలని నోటీసు రాసి, అయ్యవారి చేతికిచ్చి, రేపు పొద్దున హాల్లో అందరి ముందూ చదవమని చెప్పి బండెక్కి వెళ్ళిపోయారు. మా కాలేజీలో హాస్టలు నోటీసు వార్డెను నోటితో చదివితేనే అమల్లోకి వచ్చినట్టు. ఏడోవాడికి వసారాలో మంచం వేశారు.

రేణిగుంటోడు ఆ సాయంత్రం నాతో చెప్పాడు. “గురువారం మధ్యాన్నం డాక్టరు వస్తాడు గదా. ఆయప్ప ఉంటే ఇట్ల అందర్నీ తరమనియ్యడు. పొద్దున పూట ఆ కాగితం చదవకుండా ఆపితే చాలప్పా. నోటీసంటే పెద్ద పని. ఒగ తుమ్ము చాలు.” వాడు తెలివైనవాడు. నిజానికి వాడికి ఇంటికి పోవడం ఇష్టమే, రేణిగుంటలో వాళ్ళమ్మ చేసే చేపల పులుసు కోసం వాడు ప్రాణం ఇస్తాడు. అయినా నా నాయన షరతు వాడికి తెలుసు. అందుకే ఆ మాట చెప్పాడు. నేను అప్పుడే వాణ్ణి కావలించుకుని ఉండవలసింది, కానీ నా దగ్గర వేరే రహస్యం ఒకటి ఉంది. ఆ పొద్దున్నించి నా ముక్కు లోపల చీమలు పాకుతున్నట్టుగా ఉంది. గొంతులో గరగర. సెక్రటరీకి పడిశం పట్టిందని ఎవరికైనా చెబితే వెనక్కు తీసుకుపోయి ఎనిమిదో మంచం వేస్తారు. అందుకని మొహానికి రుమాలు చుట్టుకుని తిరిగాను, అందరూ నేను నియమం పాటిస్తున్నాననుకుని మెచ్చుకున్నారు.

గురువారం పొద్దున హాల్లో అందరం చేరాం. అయ్యవారు కోటు వేసుకుని, తలపాగా చుట్టుకుని వచ్చారు, అంటే ఇది పెద్ద పనే. చెంబు పక్కన పెట్టుకుని కాగితం విప్పి, కళ్ళద్దాలు సరిచేసుకుని నోరు తెరిచారు. వెనకనుంచి రేణిగుంటోడు “హాఛ్” అన్నాడు. అయ్యవారు కాగితం మీదనుంచి తల కూడా ఎత్తలేదు. “అది దొంగ తుమ్ము. ముక్కులోంచి రాలా, గొంతులోంచి వచ్చినాది. చెల్లదు” అన్నారు. ఇంకొకడు ప్రయత్నించాడు. అదీ చెల్లలేదు. జీవితమంతా తుమ్ముల కోసం చెవి ఒగ్గిన మనిషి దగ్గర నకిలీ సరుకు ఏం నడుస్తుంది? మూడోసారి కాగితం ఎత్తి, “హాస్టలులో ఉన్న విద్యార్థులకు తెలియజేయడమేమనగా” అన్నారు. ఇంకా తెలియజేయలేదు. ఆ క్షణంలో నా ముక్కులో చీమలన్నీ ఒక్కసారి లేచాయి.

నేను తుమ్మాను. నా ప్రయత్నం ఏమీ లేదు, నిఖార్సయిన తుమ్ము, రుమాలు ఎగిరి ముందువాడి వీపు మీద పడింది. అయ్యవారు ఆగిపోయారు. హాలంతా నా వైపు తిరిగింది, రేణిగుంటోడి కళ్ళు మెరిశాయి. నాకు సంతోషం వేసిందా అంటే లేదు, ఎందుకంటే మొదటిదాని వెనకే రెండోది బయలుదేరింది. అది వచ్చిందంటే దోషం పోయి శుభమవుతుంది, శుభమైతే అయ్యవారు చదువుతారు, చదివితే నేను మధ్యాహ్నానికి చంద్రగిరి బండిలో ఉంటాను, సాయంత్రానికి పాకం పెనం పక్కన ఉంటాను, ఇంక అంతే. అయ్యవారు కూడా ఆ రెండోదాని కోసమే కాగితం పట్టుకుని చూస్తున్నారు. నేను పెదవి మీద వేలు పెట్టి నొక్కాను. ఊపిరి బిగబట్టాను. వెలుతురు చూస్తే తుమ్ము వస్తుందని నేల చూశాను. నాయనను తలచుకున్నాను, అమ్మ మూడు రోజులు అన్నం మానిన సంగతి తలచుకున్నాను, త్రికోణమితిలో నాకు రాని సూత్రాలన్నీ ఒక్కొక్కటీ తలచుకున్నాను. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పక్కవాడు నేను భక్తితో ఏడుస్తున్నాననుకున్నాడట, తర్వాత చెప్పాడు.

ఆగలేదు. మూసిన నోట్లో, మూసిన ముక్కులో, ఎటూ దారిలేక, ఆ రెండో తుమ్ము చెవుల్లోంచి పోయిందేమో అనిపించేట్టు “గ్ప్” అని ఒక శబ్దం చేసింది. సన్నగా అయితే కాదు. నా పక్కన ముగ్గురికి బాగా వినబడింది. ముందు వరసలోవాడు వెనక్కి తిరిగి చూశాడు. అయ్యవారు కళ్ళద్దాల మీదనుంచి నన్నే చూస్తున్నారు. ఎర్రగా ఉబ్బిన నా ముక్కు, కారుతున్న కళ్ళు, వణుకుతున్న పెదవి, అన్నీ తీరిగ్గా చూశారు. అప్పుడు ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టారు. “ఒగటే. ఈ పూట చదివేది లేదు. పోండి” అని దాన్ని కోటు జేబులో పెట్టుకుని, నీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చారు. అయ్యవారి జేబులో ఉన్న నోటీసు చూసి ఆయన మీద కాదుగాని, ఊళ్ళో లేని ప్రిన్సిపాలుగారి మీద గట్టిగా కేకలు వేశారు. ముక్కులో జబ్బు పెట్టుకున్నవాళ్ళను రైళ్ళలో, బస్సుల్లో కూర్చోబెట్టి పల్లెకొకణ్ణి పంపిస్తే ఇక్కడున్న పడిశం జిల్లా మొత్తానికి పంచినట్టేనని, ఎవడూ కదలడానికి వీల్లేదని, పడిశం పట్టినవాళ్ళకు తరగతి గది ఒకటి ఖాళీ చేయించి మంచాలు వేయమని చెప్పారు. హాజరు హాల్లో కాకుండా ఆరుబయట మైదానంలో పిలవమన్నారు. మంచాలను పాత పద్ధతికి తిప్పి, వాకిళ్ళు తెరిపించారు. ఆ తర్వాత నా మొహం చూసి, ముందు ఈ సెక్రటరీని పండబెట్టండయ్యా అన్నారు. నా జ్వరం అప్పటికే నూట రెండు ఉంది. (థర్మామీటరు బీరువాలోంచి బయటికి వచ్చింది. తాళం చెవి అన్నాళ్ళూ అయ్యవారి దగ్గరే ఉందట పాపం, మేమెవరమూ అడగలేదు.)

నన్ను మంచంలో పడేశాక డాక్టరుగారు కుర్చీ వేసుకుని, జ్వరం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలుసుకోవడానికి, మొదటి ఇద్దరి తర్వాత పడినవాళ్ళను ఒక్కొక్కణ్ణీ అడిగారు. జబ్బు పడే ముందు నీ దగ్గరికి ఎవరెవరు వచ్చారప్పా అని. మొదటివాడు, సెక్రటరీ వచ్చి నుదురు చూసిపోయినాడు సార్ అన్నాడు. రెండోవాడూ అదే మాట. మూడోవాడు, నా నోట్లోకి తొంగిచూసినాడు సార్ అని కాస్త నిష్ఠూరంగానే చెప్పాడు. అందరి దగ్గరికీ పోయినవాణ్ణి, జ్వరమున్నవాణ్ణి ముట్టి ఆ చేత్తోనే లేనివాణ్ణి ముట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. డాక్టరుగారు పుస్తకం మూసి నా వైపు చూసి, ఒకసారైనా చెయ్యి కడుక్కున్నావా అని అడిగారు. కడుక్కోలేదు. దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. ఏడో జ్వరం రాకుండా ఆపాలని నేను పడ్డ పాట్లన్నీ ఆ జ్వరాన్ని మోసుకుపోయి ఇంటింటా ఇచ్చి రావడానికే అయ్యాయి. ఆ పూట నాకు నవ్వు రాలేదు, నిజంగా ఏడ్చాను.

రెండు రోజుల తర్వాత అయ్యవారు వచ్చారు. లోపలికి రాకుండా కిటికీ అవతల దూరంగా, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. కొత్తగా ఎవరికీ జ్వరం రాలేదని, ప్రిన్సిపాలుగారు మద్రాసు నుంచి తిరిగి వచ్చారని చెప్పారు. తనకు పడ్డ తిట్ల సంగతి చెప్పలేదు, అది నాకు రేణిగుంటోడు చెప్పాడు: నోటీసు ఎందుకు చదవలేదని అడిగితే, శకునం బాగాలేదని ఆయన జవాబిచ్చారట, ప్రిన్సిపాలుగారి కోపం అరగంటసేపు ఇంగ్లీషులోనే ఉండిపోయిందట. జ్వరం మనిషిని మెత్తబరుస్తుంది. నేను లేచి కూర్చుని నిజం చెప్పేశాను. నాకు అప్పటికే పడిశం పట్టి ఉండాదని, పడిశపు తుమ్ము లెక్కలోకి రాదు గదా అని, పైగా రెండోది కూడా వచ్చినాదని. ఆయన కాసేపు కొండవైపు చూశారు.

“నాకు ఒగటే వినబడినాది” అన్నారు. “నువ్వు పుట్టకముందునుంచి లెక్కలు చెప్తా ఉండా. నువ్వు నాకు లెక్క నేర్పబాకు. లేచినాక త్రికోణమితి చూసుకో, దాంట్లో నువ్వు శానా అధ్వానంగా ఉండావు.”

ఆ ఏడు పరీక్ష రాశాను. గట్టెక్కాను. నాయన మార్కుల కాగితం తలకిందులుగా పట్టుకుని చూసి, ఇంక దీన్ని ఆపేది లేదులే అన్నాడు, నా చదువు ఇంకా ముందుకు పోయింది, నేనూ ఒక బడిపంతుల్నయ్యాను. కానీ ఆ హాస్టల్లో మిగిలిన రెండు నెలలూ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, అయ్యవారికి చెవుడు వచ్చిందని స్నేహితులందరికీ చెప్పి నవ్వించడం. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని “ఒగటే, ఒగటే” అని ఆయన్ను అనుకరిస్తే గదంతా పడిపడి నవ్వేది. నా ముక్కు బిగింపు వల్లనే హాస్టలు నిలిచిందని మనసా వాచా నమ్మాను. దొంగ తుమ్మును హాలు అవతలి మూలనుంచి పట్టుకున్న చెవికి నా “గ్ప్” వినబడకుండా ఎలా పోతుందని ఒక్కసారైనా ఆలోచించలేదు. నేనే పంతుల్నయి, ఒక కుర్రవాడి చదువును ఆపే కాగితం నా చేతిలోకి వచ్చి, దాన్ని సొరుగులో పెట్టి మరిచిపోయినట్టు నటించవలసిన రోజు వచ్చినప్పుడుగాని ఆ సంగతి నా బుర్రకు ఎక్కలేదు. అప్పటికి ఆయన లేరు. తుమ్మును దేవుడి మాటగా నమ్మి, దాని కోసం కూతురి సంబంధం కూడా వదులుకున్న మనిషి, చెరకు గానుగకు పోవలసిన ఒక పనికిమాలిన కుర్రవాడి కోసం ఒక తుమ్మును తగ్గించి చెప్పాడు. నాకు తెలిసి ఆయన జన్మలో తప్పు చెప్పిన లెక్క అదొక్కటే. ఆ కుర్రవాడు మాత్రం ఆయనకు చెవుడని చెప్పుకుని నవ్వుతూ తిరిగాడు. వాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకు నవ్వు వస్తుంది, నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఎందుకో కళ్ళు తుడుచుకోవలసి వస్తుంది, కోడలు చూసి పడిశం పట్టిందేమోనని నన్ను వసారాలోకి పొమ్మంటుంది.